నాలుక కింద ఉప్పురాయి

చిలకలు అరుచుకుంటూ పోతున్నాయి. తమాలదేశపు రాచబాట మీద ఎండ నిప్పులు చెరుగుతున్నా వాటికి అలుపు లేదు. గుంపులు గుంపులుగా ఎగురుతూ, కిందటిసారి సింహముఖ ద్వారం దాటినవాళ్ళ పేర్లు వరసగా పాడుతున్నాయి. పేరు పేరుకూ చివర ఒకటే పల్లవి: "మావాడే, మావాడే, శుకశాలవాడే!" వినీ వినీ బండ్లు తోలేవాళ్ళకు కూడా ఆ పేర్లు నోటికొచ్చేశాయి. తప్పినవాళ్ళ పేర్లు పాడే చిలక మాత్రం ఆ గుంపులో ఒక్కటీ లేదు. అంత పెద్ద ఆకాశంలో పాపం వాళ్ళకు చోటు చాలలేదు కాబోలు.

ఆ తప్పినవాళ్ళలో ఇద్దరు బాట చీలిన చోట, మారేడు చెట్టు నీడన కూర్చుని ఉన్నారు. ఒకడు కేదారుడు, సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఇంట పుట్టినవాడు. రెండోవాడు ఉదంకుడు, తల్లీ తండ్రీ పోయాక ఆ ఇంటనే పెరిగినవాడు. ఇద్దరికీ కుడిచేతి చిటికెన వేలూ, ఉంగరపు వేలూ నల్లరాయి.

ఆ వేళ్ళు రాయి కావడానికి కారణం ధన్వగిరి. ఆ కొండ మీద వైద్యపీఠం ఉంది. మూడేళ్ళకోసారి దాని ద్వారం తెరుస్తారు. ద్వారం పక్క గోడలో నోరు తెరిచిన రాతి సింహం తల ఒకటుంది. లోపలికి పోదలచినవాడు ఆ నోట్లో కుడిచెయ్యి పెట్టి నిలబడాలి. సింహం మూడు ప్రశ్నలు అడుగుతుంది, వాడు జవాబు చెప్పాలి. సరిగ్గా చెబితే దారి ఇస్తుంది. తప్పు చెబితే ఒక్క గుక్క ఊపిరి పట్టేంతసేపు ఆగుతుంది. ఆలోగా చెయ్యి లాక్కున్నవాడికి ఒక వేలు రాయవుతుంది, అంతటితో సరి. లాక్కోనివాడికి ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంత వెర్రివాడు ఆ దేశంలో అప్పటికింకా పుట్టలేదు. అందరి వంతూ అయ్యాక ఆ సింహం నోరు మూసుకుంటుంది, దానితోపాటు ద్వారమూ మూసుకుంటుంది. మూడుసార్లు తప్పినవాడికి నాలుగోసారి లేదు.

రాబోయే చలికాలం మొదట్లో మళ్ళీ ద్వారం తెరుస్తారు. మిత్రులిద్దరికీ అది మూడోసారి. కాని ఈసారి వాళ్ళకు కావలసింది చదువు కాదు, మందు. కేదారుడి అక్క ముత్యాలు నీలినిద్రలో పడి ఉంది. ఆ జబ్బు కాలిగోళ్ళ దగ్గర నీలంగా మొదలై పైకి పాకుతుంది. గొంతు దాకా వస్తే మనిషి దక్కదు. దానికి మందు ధన్వగిరి మీద తప్ప ముల్లోకాల్లో లేదు. కొండ వైద్యులు కిందికి దిగరు, ఎవరు వచ్చి ఏడ్చినా పలకరు. పీఠంలో చేరిన విద్యార్థి మాత్రం, తనతో ఒక కంచంలో తిన్నవాళ్ళ కోసం మందు అడిగి పట్టుకుపోవచ్చు. అడగాలి. అడగనివాడికి ఆ కొండ మీద గడ్డిపరక కూడా ఇవ్వరు.

ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం కలిపి, చెరో ముద్దా పెట్టి పెంచిన అక్క ఆమె. అందుకే ఉదంకుడికి పొద్దున్నే కళ్ళు తెరవగానే, మొహమైనా కడగకుండా ఒక మాట అనడం అలవాటైపోయింది. "ఒరే కేదారా, అక్కకెలా ఉందో?" ఆమె బాగున్న రోజుల్లోనూ అదే మాట, ఇప్పుడూ అదే మాట. కేదారుడు జవాబు చెప్పేవాడు కాదు. ఆ మాట వింటే తెల్లవారినట్టు అనిపించేది, అంతే.

ఇప్పుడు వాళ్ళ తగువంతా దారి గురించి. కుడివైపు బాట పసరుకోనకు పోతుంది. అక్కడ గురువు లేడు, పాఠం లేదు. తమాలదేశంలోని మూలికలన్నీ ఆ లోయలో పెరుగుతాయి, ఎవరికి వాళ్ళు కోసుకుని, కొరికి, గుణం తెలుసుకోవలసిందే. ఎడమవైపు బాట శుకశాలకు పోతుంది. అక్కడ మేధోదరుడనే మాంత్రికుడు, సింహం ఇంతవరకు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు పద్యాలుగా కట్టి వల్లె వేయిస్తాడు.

"రెండుసార్లు కోనలోనే చదివాం కదరా," అన్నాడు ఉదంకుడు. "ఏం ఒరిగింది? ఆకు నమిలి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవు నువ్వు. అదే ఆకును సింహం పద్యంలో అడిగేసరికి నీ నోరు పెగలదు, నా నోరూ పెగలదు. ఈసారి చెప్పించుకుందాం."

శుకశాలకు పోయినవాళ్ళు అదోలా అయిపోతారని విన్నానన్నాడు కేదారుడు. ద్వారం దాటాక ఎలా అయిపోతే ఏమిటన్నాడు ఉదంకుడు. ఆ మాటా నిజమే అనిపించింది కేదారుడికి. మరుక్షణం కోన కూడా నిజమే అనిపించింది. పులికి ఎదురెళ్ళమంటే వెనుకాడని మనిషికి, రెంటిలో ఒకటి ఎంచుకోమంటే మాత్రం చెమటలు పట్టేవి. "నీకు రెండు కూరలు వండితే ఏది ముందు కలపాలో తేలక అన్నం చల్లారిపోతుందిరా" అని అక్క ఎగతాళి చేసేది. చివరికి ఉదంకుడు లేచి ఎడమ బాట పట్టాడు. ఒంటరిగా మిగలలేక కేదారుడు వెనకాల నడిచాడు. దాన్ని ఎంచుకోవడం అనలేం.

శుకశాలకు ఏడు ప్రాకారాలు. ఏడూ పచ్చరాళ్ళతో కట్టినవే. ఎండ పడితే ఆ గోడల మెరుపుకు దారిన పోయే ఎడ్లు పచ్చిగడ్డి అనుకుని మెడలు చాచేవి. ఏడో ప్రాకారం లోపల బంగారు కొమ్మలతో వనం, కొమ్మకొమ్మకూ వెండి పంజరం, పంజరం పంజరానికీ ముత్యాల తెర. వీచే గాలి కూడా అక్కడ పద్యం చదువుతున్నట్టే వినిపించేది. ఆ వనం నడుమ పగడాల పీఠం మీద మేధోదరుడు కూర్చుని ఉన్నాడు. వెయ్యి పద్యాలు మింగి అరగనట్టు పొట్ట బానలా ఉంది. మాట మాత్రం తేనె.

"నాయనలారా, మీ దగ్గర చిల్లిగవ్వ పుచ్చుకోను," అన్నాడతడు. "పుట్టినప్పటి నుంచి మీ నాలుక మీద ఎక్కువసార్లు ఆడిన ప్రశ్న ఒకటుంటుంది. అది నా రాగిబిందెకు ఇవ్వండి. అది పోయిన చోట నా జవాబులు కూర్చుంటాయి. పోయిన ప్రశ్న మళ్ళీ గుర్తుకు రాదు, ఆ సంగతి మీదికి మనసూ పోదు. ఒక్క ప్రశ్న పోతే ఏం పోయింది? పీఠంలో చేరాక మీకు ప్రశ్నలతో పనేముంది?"

ఉప్పు పండించేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. పరాయి గడప తొక్కే ముందు నాలుక కింద ఎన్నాళ్ళకూ కరగని ఉప్పురాయి ఒకటి పెట్టుకుంటారు. నాలుక కింద ఉప్పున్నవాణ్ణి ఏ మంత్రమూ పట్టదని వాళ్ళ నమ్మకం. ఆ పూట మిత్రులిద్దరి నోళ్ళలోనూ ఉప్పురాళ్ళున్నాయి. ఉదంకుడు ఒక్క క్షణం ఆలోచించి పక్కకు తిరిగి తన రాయి ఉమ్మేశాడు. మోసం చేసి నేర్చుకున్న విద్య ఒంటబట్టదని కేదారుడి చెవిలో అన్నాడు. బిందె అంచుకు పెదవులు ఆనించి ఊదాడు. లోపలెక్కడో నీళ్ళు కదిలినట్టయి బిందె ఖంగున మోగింది.

కేదారుడు ఉప్పురాయి ఉమ్మలేదు, మింగలేదు. ఉంచుకుంటే మేలో, ఉమ్మితే మేలో తేలలేదు. పెదవులు ఆనించి ఊదాడు. బిందె మోగలేదు. మేధోదరుడి కనుబొమలు ముడిపడేలోగా, రాతివేళ్ళతో బిందె అడుగున ఒక్క దెబ్బ వేశాడు. అది ఖంగుమంది. మాంత్రికుడు తృప్తిగా తలూపి ఇద్దరికీ చెరో పచ్చశాలువా కప్పించాడు.

శాలువా కప్పుకోగానే శిష్యులు చిలకలైపోయేవారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పంజరాల్లో కూర్చుని పద్యాలు వల్లె వేసేవారు. పొద్దు గూకాక మనుషులై, జామపళ్ళు తిని, మాట్లాడే ఓపిక లేక పడుకునేవారు. మొదట నేత్రభాగం మొదలైంది. కంటి జబ్బులూ, వాటి మందులూ చెప్పే పద్యాలవి. ఉదంకుడికి ఒకసారి వింటే వచ్చేసింది. కేదారుడికి చెప్పేటప్పుడు అంతా వచ్చినట్టే ఉండేది. శాలువా తీసేసరికి సగం జారిపోయేది. మర్నాడు మళ్ళీ పట్టుకునేవాడు, మళ్ళీ జారేది. చిల్లికుండకు నీళ్ళు పోసినట్టుండేది ఆ చదువు. పక్క పంజరాల్లో ఉన్నవాళ్ళు కొమ్మ తర్వాత కొమ్మ ఎక్కుతుంటే తానొక్కడే అడుగు కొమ్మ మీద మిగిలాడు. చచ్చేంత సిగ్గుగా ఉండేది.

ఇంకొక సంగతి కూడా అతన్ని పీకుతుండేది. పొద్దున్నే లేచి ఉదంకుడు ఏమీ అనడం లేదు. మొహం కడుక్కుని శాలువా కప్పుకుంటున్నాడు. చదువు ధ్యాసలో పడ్డాడులే అని మొదట సరిపెట్టుకున్నాడు కేదారుడు. కాని తెల్లవారుతున్నా తెల్లవారినట్టు ఉండేది కాదు.

ఒకనాడు ఉప్పుబండి ముసలాయన శుకశాల వంటింటికి ఉప్పు దింపడానికి వచ్చాడు. అక్క సంగతి చెప్పాడు. నీలం నడుముకు వచ్చిందట. పిలిచినా పలకడం లేదట, పక్కింటివాళ్ళు గంజి పోస్తే సగం కారిపోతోందట. కేదారుడు పరుగున పోయి ఆ మాట ఉదంకుడికి చెప్పాడు.

"అలాగా," అన్నాడు ఉదంకుడు. తర్వాత విషభాగంలో తొలి పద్యం అందుకున్నాడు.

కేదారుడికి ఒళ్ళు మండిపోయింది. అక్క పెట్టిన ముద్దలు ఎక్కడికి పోయాయని నిలదీశాడు. ఉదంకుడు నొచ్చుకున్నట్టే చూశాడు, కాని దేనికి నొచ్చుకోవాలో తెలియనివాడిలా ఊరుకున్నాడు. కొండ ఎక్కకముందే వీడికి కొండంత గర్వం వచ్చిందనుకున్నాడు కేదారుడు. ఇక్కడ తనకు చదువూ రావడం లేదు, తోడూ లేడు. కోనకు పోవడమే మంచిదనుకున్నాడు. అంతకుముందే పోయి ఉంటే ఎంతో బాగుండేది. అసలు పోకుండా ఉన్నా బాగుండేదేమో. కాని సరిగ్గా సగం దారిలో బయల్దేరడం కేదారుడికి పుట్టుకతో వచ్చిన విద్య.

శుకశాలలో చేరడం తేలిక, బయటపడడం కాదు. చిలకలకు పళ్ళు తెచ్చే జామపళ్ళ ముసలమ్మను బతిమాలి ఆమె చీర కట్టుకున్నాడు. తల మీద గంప, ముఖం మీదికి కొంగు. "నా నడక రాదురా నీకు, కాస్త కుంటు" అని ముసలమ్మే నేర్పి పంపింది. కుంటుకుంటూ ఆరు ప్రాకారాలు దాటాడు. బయటి వాకిట్లో, ఖర్మ కాలి, మేధోదరుడే ఎదురయ్యాడు.

"అవ్వా, ఒక పండు ఇచ్చిపో," అన్నాడు.

కేదారుడు కొంగు చాటు నుంచి చెయ్యి చాచాడు. రాతివేళ్ళు గంప అంచుకు తగిలి టక్కుమన్నాయి. మేధోదరుడు ఆ చెయ్యి పట్టుకుని కొంగు లాగేశాడు. తిట్టలేదు. జాలిగా నవ్వాడు.

"నోరు తెరువు. ఆ, అదీ సంగతి. ఉప్పు! ఇన్నాళ్ళూ నా పద్యాలు నీలో ఎందుకు నిలవడం లేదో ఇప్పుడు తెలిసింది. ఓరి పిచ్చివాడా, మంత్రం పట్టకూడదనుకున్నవాడివి మాంత్రికుడి దగ్గరికెందుకు వచ్చావు? విద్య కావాలనుకున్నవాడివి ఉప్పెందుకు ఉంచుకున్నావు? ఉమ్మెయ్. ఇప్పటికీ మించిపోలేదు, ద్వారం దాటిస్తాను."

కేదారుడు ఆగిపోయాడు. నిజంగానే ఆగిపోయాడు. నాలుక ఉప్పురాయిని పెదవుల దాకా తోసింది, మళ్ళీ వెనక్కి లాక్కుంది. ఆ తటపటాయింపు చూసి మేధోదరుడికి విసుగొచ్చింది. గోడ మీద వాలిన చిలకది ఒక ఈక పీకి గాలిలోకి విసిరాడు. అది డేగై, కత్తుల్లాంటి గోళ్ళతో అతని కళ్ళ మీదికి దూకింది.

కేదారుడు గంప ఎత్తి ఆకాశంలోకి విసిరాడు. జామపళ్ళు వానలా కురిశాయి. గోడల మీద పేర్లు పాడే చిలకలన్నీ పాట మరిచి పళ్ళ మీదికి విరుచుకుపడ్డాయి. వాటి రెక్కల నడుమ డేగ చిక్కుకుపోయింది. ఆ సందులో అతడు చీర కుచ్చెళ్ళు పైకెత్తి పరుగెత్తాడు. వెనకాల భటులు, ముందర మకరవతీ నది. గట్టు మీది నుంచి నీళ్ళలోకి దూకాడు. నీళ్ళలో దుంగ తేలుతోంటే పట్టుకున్నాడు. పట్టుకున్నాక దుంగ కళ్ళు తెరిచింది. మొసలి నోరు తెరిచేసరికి చీర చుట్టచుట్టి దాని గొంతులో కుక్కి, దాని వీపు మీదే ప్రవాహంలో కొట్టుకుపోయాడు. జలపాతం అంచున మొసలి ఒకవైపు పడింది, మనిషి ఒకవైపు పడ్డాడు.

స్పృహ వచ్చేసరికి పసరుకోనలో ఉన్నాడు. ఆకు మీద ఆకు, తీగ మీద తీగ, నీళ్ళలో నీలి తామరలు, రాళ్ళ మీద ఎర్రని నాచు, గాలినిండా పసరు వాసన. తెలిసిన చోటే. తొందరగా నేర్చుకోవాలి, కాలం అట్టే లేదు. నాలుక మీద ఉప్పుంటే ఆకు రుచి తెలియదు గనక, ఉప్పురాయి తీసి కొంగున, అంటే మిగిలిన ఉత్తరీయపు చెంగున కట్టుకున్నాడు. ఇప్పటికి ఉమ్మాడన్నమాట, మాంత్రికుడు లేని చోట.

ఆకలితో, ఒంటరితనంతో, అడ్డూ ఆపూ లేకుండా చదివాడు. మూలికాభాగం పూర్తయింది. విషభాగంలో ఒక్కొక్క ఆకూ కొరికి, నురగలు కక్కి, విరుగుడు వెతుక్కుని బతికాడు. తేనెపట్టు కింద మొలిచిన తీగ కోసం ఎలుగుబంటితో పెనుగులాడి వీపు చీల్చుకున్నాడు. ఒకరోజు పసుపుమందారం కొమ్మ వంచుతుంటే దాని పుప్పొడి కళ్ళలో పడింది. కళ్ళు వాచి చూపు పోయింది. దానికి ఆకు ఉందని తెలుసు. దాని పద్యం శుకశాలలో విన్నాడు. నేత్రభాగమంతా అక్కడ చదివిందేగదా, మళ్ళీ చదువుతూ కూర్చుంటే మిగతావి ఎప్పటికయ్యేను అనుకుని, పద్యాన్ని గుర్తుకు తెచ్చుకోనైనా లేదు. కళ్ళు మూసుకుని గుహలో పడుకున్నాడు. వాపు దానంతటదే తగ్గింది. లేచి విషభాగం అందుకున్నాడు.

కోన దాటి వస్తుంటే ఉప్పుబండి ముసలాయన మళ్ళీ కనిపించాడు. ఈసారి ఆయన బండి దిగలేదు. నీలం గుండె దాటిందని మాత్రం చెప్పి ఎడ్లను అదిలించాడు.

ద్వారం తెరిచిన రోజు ధన్వగిరి కింద తిరునాళ్ళలా ఉంది. అటు పచ్చశాలువాలు మడిచి చంకన పెట్టుకున్న గుంపు, ఇటు ఒంటరిగా చదువుకుని వచ్చిన బక్కపలచని మనుషులు, వెనకాల వాళ్ళ తల్లులు. ఒకరి తర్వాత ఒకరు సింహం నోట్లో చెయ్యి పెడుతున్నారు. పచ్చశాలువాల్లో కొందరు నెగ్గారు, కొందరు వేలు పట్టుకుని ఏడుస్తూ వచ్చారు. ఒంటరివాళ్ళలో ఒక గొల్లపిల్ల మూడు ప్రశ్నలకూ తడుముకోకుండా చెప్పి లోపలికి నడిచిపోయింది. ఏ దారిన వచ్చారని సింహం ఎవరినీ అడగలేదు.

ఉదంకుడి వంతు వచ్చింది. సింహం అడగడం పూర్తికాకముందే అతడి నోటి నుంచి పద్యం ధారగా వచ్చింది. ఒకటి, రెండు, మూడు. సింహం తలవంచింది. ఉదంకుడు గడప దాటి రాతిమెట్ల మీద నిలబడ్డాడు. కేదారుడికి కోపమంతా ఒక్కసారి కరిగిపోయింది. వీడు చేరాడు, చాలు, అక్క బతికినట్టే. తాను తప్పినా పర్వాలేదు అనుకున్నాడు. తప్పడానికి అనుకున్నంతసేపు కూడా పట్టలేదు.

అందరికన్నా ఆఖరున కేదారుడు చెయ్యి పెట్టాడు. మొదటి ప్రశ్న మూలికది, చెప్పాడు. రెండోది విషానిది, చెప్పాడు. రెండుసార్లు తన నోరు కట్టేసిన ఆ పద్యభాష ఇప్పుడు తెలిసిన మనిషి పలకరింపులా వినిపించింది. సింహం మూడోది అడిగింది.

"పసుపుమందారం పుప్పొడి పడి చూపు పోయినవాడికి చూపు తెచ్చే ఆకు ఏది?"

కేదారుడు నోరు తెరిచాడు. "కంటికి చీకటి కమ్మిన వేళ కలువల చెరువున..." అని మొదలుపెట్టాడు. కలువల చెరువున ఏముంది? పంజరం గుర్తొచ్చింది, శాలువా గుర్తొచ్చింది, పక్క చిలక దగ్గు గుర్తొచ్చింది. పద్యం రెండో సగం రాలేదు. గుహలో కళ్ళు మూసుకుని పడుకున్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు చెయ్యి చాచి వెతికి ఉంటే పద్యంతో పనే ఉండేది కాదు. అక్కడ చదివాను కదా అని ఇక్కడ వదిలేశాడు, ఇక్కడ చదువుకోవచ్చు లెమ్మని అక్కడ వదిలేసి వచ్చాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే తానే.

సింహం ఒక్క గుక్క ఊపిరంత సేపు ఆగింది. కేదారుడు చెయ్యి తీయబోతూ, మెట్లెక్కుతున్న ఉదంకుణ్ణి చూశాడు. నోరు మూసుకుంటే ద్వారం మూసుకుంటుంది. అక్క సంగతి వింటే 'అలాగా' అని ఊరుకున్నవాడు వాడు, ద్వారం మూసుకుంటే అక్క మాట వాడికి మళ్ళీ చెప్పేవాళ్ళు లేరు. చెయ్యి అలాగే ఉంచాడు. పుట్టి బుద్ధెరిగాక తటపటాయించకుండా చేసిన పని అదొక్కటే.

రాతి పళ్ళు మణికట్టు మీద దిగాయి. అరచెయ్యి రాయైపోయింది. సింహం నోరు దాన్ని నమలలేక తెరుచుకునే ఉండిపోయింది. ద్వారం మూరెడు సందు మిగిల్చి ఆగిపోయింది. జనం హాహాకారాలు చేశారు. ద్వారపాలకులు సమ్మెటల కోసం పరుగెత్తారు.

"ఉదంకా! ఇలా రా!" అని పిలిచాడు కేదారుడు.

ఉదంకుడు వెనక్కి వచ్చాడు. మిత్రుడి చెయ్యి చూసి అతని కళ్ళు నిండిపోయాయి. సందులోంచి చెయ్యి చాచి కేదారుడి నుదుటి చెమట తుడిచాడు. గర్వం లేదు, ద్వేషం లేదు. ఒకప్పటి ఉదంకుడే.

"ఏం చెయ్యమంటావురా? చెప్పు, చేస్తాను," అన్నాడు.

"అక్కకు మందు అడుగు. నీలం గుండె దాటిందట. ఇవాళే అడుగు."

"అలాగే," అన్నాడు ఉదంకుడు. కళ్ళు మాత్రం ఊరు మరిచిపోయిన బాటసారి కళ్ళలా తేలిపోయాయి. ఆ 'అలాగే'లో శుకశాలలో విన్న 'అలాగా' వినిపించింది కేదారుడికి.

"ఒరే, నువ్వు పొద్దున్నే లేవగానే నన్ను ఒక మాట అడిగేవాడివి. ఏమిటది?"

ఉదంకుడు చాలాసేపు ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు.

"పొద్దున్నే లేచి మొహం కడుక్కునేవాణ్ణి," అన్నాడు.

అప్పటికి అర్థమైంది కేదారుడికి, ఆ రోజు రాగిబిందె తాగిందేమిటో. ఉదంకుడి నాలుక మీద అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆడిన ప్రశ్న అది. అది పోయిన చోట పద్యాలు కూర్చున్నాయి. ఆ సంగతి మీదికి ఇక మనసు పోదు. గర్వమని, కృతఘ్నుడని ఎన్ని మాటలన్నాడు! ఏడుపు ముంచుకొచ్చింది. కాని ఏడవడానికి తీరిక లేదు, రాయి ముంజేతిలోకి పాకుతోంది.

ఎడమచేత్తో చెంగు ముడి విప్పి ఉప్పురాయి తీశాడు. బిందె మంత్రం కాస్తయినా సడలుతుందేమోనని, నాలుక కింద పెట్టుకోమని ఉదంకుడికి ఇచ్చాడు. ఎందుకని అడగకుండా అతడు పెట్టుకున్నాడు. తర్వాత కేదారుడు నెమ్మదిగా, పద్యం నేర్పినట్టు చెప్పాడు. "ముత్యాలక్కకు నీలినిద్ర, మందు ఇప్పించండి. ఇది చదువుకుంటూ పైకి పో. పీఠాధిపతి కనిపించేదాకా ఆపకు."

శుకశాలలోకెల్లా మేటి శిష్యుడికి ఒక్కసారి వింటే చాలు. "ముత్యాలక్కకు నీలినిద్ర, మందు ఇప్పించండి," అన్నాడు ఉదంకుడు, తప్పు లేకుండా. అలా అంటూనే మెట్లెక్కసాగాడు. కేదారుడు చెవులు రిక్కించాడు. నాలుగు మెట్లెక్కేసరికి అక్క పేరు జారిపోయింది. "నీలినిద్ర, మందు ఇప్పించండి." ఇంకాస్త పైకి పోయేసరికి, "మందు ఇప్పించండి." ఆ పైన ఏదో కంటిజబ్బు పద్యం వినిపించింది. కలువల చెరువున ఏ ఆకు ఉందో అందులో స్పష్టంగా ఉంది.

"ముత్యాలక్కకు నీలినిద్ర, మందు ఇప్పించండి!" అని కేదారుడు గొంతు చించుకుని అరిచాడు.

పద్యం ఆగింది. పైనుంచి, "ముత్యాలక్కకు నీలినిద్ర, మందు ఇప్పించండి," అని వినిపించింది. అడుగులు మళ్ళీ కదిలాయి.

ద్వారపాలకులు సమ్మెటలతో వచ్చేశారు. వాళ్ళలో నెరిసిన మీసాలవాడు కేదారుడి రాతిచేతిని పైనుంచి కిందికి చూసి, ఎక్కడ కొడితే మనిషి మిగులుతాడో ఆలోచిస్తూ నిలబడ్డాడు. కళ్ళు మూసుకో బాబూ అన్నాడు. చెయ్యి విరిగితే సింహం నోరు మూసుకుంటుంది, ద్వారం మూసుకుంటుంది, తన గొంతు ఇక ఆ మెట్ల దాకా పోదు. విరగకపోతే రాయి ఆగదు. మోచెయ్యి దాటి, భుజం దాటి, గొంతు దాకా వస్తుంది. ఉప్పుమడుల పక్క గుడిసెలో అక్కకు నీలం వస్తున్నట్టే.

సమ్మెట పైకి లేచింది. కేదారుడు ఎడమచెయ్యి అడ్డం పెట్టి, ఒంట్లో ఉన్న ఊపిరంతా కూడదీసుకుని మళ్ళీ అరిచాడు. చాలా దూరం నుంచి, ఎక్కడో మబ్బుల్లోంచి, ఉదంకుడి గొంతు ఆ మాటల్ని ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది.